కీప్యాడ్ తెర మీద సందేశాలు: రాయడం, నడపడం, పరీక్షించడం (బోర్మా డ్రయ్యర్ ఉదాహరణతో)

పలాస-కాశీబుగ్గలో ఒక జీడిపప్పు యూనిట్ అనుకోండి. రాత్రి రెండు గంటలకు బోర్మా (పప్పును వేడితో ఆరబెట్టే డ్రయ్యర్) పక్కనున్న కీప్యాడ్ కీచుమంటుంది. తెర మీద ‘ఫాల్ట్ 07’ అని ఉంటుంది. షిఫ్టులో ఉన్న మనిషికి ఆ ఏడు అంటే ఏమిటో తెలీదు. చేతికి అందేది రీసెట్ బటన్ కాబట్టి అదే నొక్కుతాడు. మళ్లీ మోగితే మళ్లీ నొక్కుతాడు. అది బ్లోయర్ (వేడి గాలిని తిప్పే ఫ్యాన్) ఓవర్‌లోడ్ అయితే నాలుగైదు రీసెట్‌లకు మోటారు వైండింగ్ పోతుంది. తప్పు నొక్కినవాడిది కాదు, ఆ సందేశం రాసినవాడిది.

కీప్యాడ్‌లో సందేశం ఎక్కించడం సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్లకు ఒక పూట పని. ఏ సందేశం ఉండాలి, ఎప్పుడు రావాలి, చూసినవాడు ఏం చేయాలి అనేది తేల్చడానికే అసలు సమయం పడుతుంది. కాబట్టి కంప్యూటర్ తీసే ముందు కాగితం దగ్గర మొదలుపెడదాం.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది ఆవిరితో నడిచే బోర్మా. ఒక బ్లోయర్ మోటారు, కరెంటుతో తెరుచుకుని మూసుకునే ఒక స్టీమ్ సోలినాయిడ్ వాల్వు, వేడి కొలిచే ఒక పీటీ100 సెన్సర్, తలుపుకు ఒక లిమిట్ స్విచ్, వీటిని నడిపే చిన్న కంప్యూటర్ లాంటి ఒక పీఎల్‌సీ ఉన్నాయి. దానికి ఆర్‌ఎస్-485 తీగతో కలిపిన కీప్యాడ్ ప్యానెల్‌కు నాలుగు వరుసల తెర, వరుసకు 20 అక్షరాలు, ఎఫ్1 నుంచి ఎఫ్4 దాకా ఫంక్షన్ కీలు, బాణాలు, ఎంటర్, ఎస్కేప్ ఉన్నాయి. రైసు మిల్లుకైనా, నెల్లిమర్ల వైపు జూటు మిల్లుకైనా పద్ధతి ఇదే. మారేవి సందేశాల పేర్లే.

ముందు కాగితం మీద

ఒక్కో సందేశానికి ఒక్కో గీత గీసి ఇవి రాయండి: సందేశం సంఖ్య, పీఎల్‌సీలో దాని బిట్టు (ఆన్/ఆఫ్ గుర్తు), కారణం, తెర మీద మాట, చూసినవాడు చేయాల్సిన పని, ముఖ్యత. ‘చేయాల్సిన పని’ గడి ఖాళీగా మిగిలిందంటే అది అలారం కాదు. ‘బ్లోయర్ నడుస్తోంది’, ‘వాల్వు తెరుచుకుంది’ లాంటివి మామూలు పేజీలో కనిపిస్తే చాలు, వాటికి బజర్ మోగక్కర్లేదు. ఈ ఒక్క నియమంతోనే చాలాచోట్ల జాబితా సగానికి తగ్గుతుంది.

అలారాల నిర్వహణకు ఐఎస్ఏ-18.2 అనే ప్రమాణం ఉంది. ఒక ఆపరేటరుకు రోజుకు సుమారు 150 అలారాల వరకు ఫర్వాలేదని, పది నిమిషాల్లో పది దాటితే అది వరదేనని అందులో లెక్క. అది పెద్ద కంట్రోల్ రూముల కోసం వేసిన లెక్క. ట్రేలు మోస్తూ, పప్పు తిరగేస్తూ మధ్యలో కీప్యాడ్ వంక చూసే మనిషికి అందులో పదో వంతు కూడా ఎక్కువే. మన బోర్మాకు ఏడు సందేశాలు సరిపోతాయి:

1. ఫేజ్ పోయింది (మూడు ఫేజ్‌లలో ఒకటి పోయినా పట్టే ఎస్‌పీపీ రిలే నుంచి)
2. బ్లోయర్ ఓవర్‌లోడ్
3. బ్లోయర్ ఆన్ ఇచ్చినా తిరగడం లేదు
4. సెన్సర్ తెగింది లేదా షార్ట్ అయింది
5. వేడి ఎక్కువ
6. తలుపు తెరిచి ఉంది
7. బ్యాచ్ సమయం అయింది

వరుస కూడా ముఖ్యమే. మొదటిది వస్తే రెండు, మూడు ఎలాగూ వస్తాయి. అందుకే పైది ఉన్నంతసేపు దానివల్ల వచ్చే కిందివాటిని నొక్కిపెట్టాలి, అంటే లేవనివ్వకూడదు. ఆ సంగతి లాజిక్ దగ్గర.

కరెంటు, తీగలు

ఇలాంటి ప్యానెల్స్ ఎక్కువగా 24 వోల్టుల డీసీ మీద నడుస్తాయి. ఊళ్లో సాయంత్రం మోటార్లన్నీ ఒకేసారి ఎక్కితే వోల్టేజీ బాగా దిగుతుంది. అందుకని 85 నుంచి 264 వోల్టుల ఏసీ దాకా తట్టుకునే ఎస్‌ఎంపీఎస్ (ఏసీని డీసీగా మార్చే సప్లై) పెట్టండి. సోలినాయిడ్ వాల్వును, ప్యానెల్‌ను ఒకే ఎస్‌ఎంపీఎస్ మీద నడిపేటప్పుడు వాల్వు కాయిల్‌కు అడ్డంగా డయోడ్ తప్పనిసరి. లేకపోతే వాల్వు ఆఫ్ అయిన ప్రతిసారీ కాయిల్ నుంచి వచ్చే వెనక్కి దెబ్బకు తెర ఒక్క క్షణం మిణుకుమంటుంది, కొన్నిసార్లు ప్యానెల్ రీస్టార్ట్ అవుతుంది. మల్టీమీటరుతో చూసేటప్పుడు ఎస్‌ఎంపీఎస్ దగ్గర కాదు, ప్యానెల్ టెర్మినళ్ల దగ్గర, అదీ వాల్వూ, కాంటాక్టరూ (మోటారుకు కరెంటు ఇచ్చే పెద్ద స్విచ్) ఆన్‌లో ఉన్నప్పుడు చూడండి.

ఆర్‌ఎస్-485కు మెలితిప్పిన జంట తీగ, షీల్డు ఉన్నది వాడాలి. పీఎల్‌సీ నుంచి మొదటి పరికరానికి, అక్కడి నుంచి రెండోదానికి గొలుసులా వెళ్లాలి. మధ్యలో కొమ్మలు వేయకూడదు. గొలుసు రెండు చివర్లా 120 ఓముల రెసిస్టరు ఒక్కోటి పెట్టాలి. షీల్డును ఒక్క చివరే ఎర్తుకు కలపాలి. రెండు చివర్లూ కలిపితే ఎర్తుల మధ్య తేడా వల్ల షీల్డులోనే కరెంటు పారుతుంది. మోటారు కేబుల్‌తో ఒకే ట్రేలో పడుకోబెట్టొద్దు. కనీసం ఒక జానెడు ఎడం ఉంచి, దాటాల్సి వస్తే అడ్డంగా, 90 డిగ్రీల్లో దాటించండి. బ్లోయర్‌కు డ్రైవ్ (మోటారు వేగం మార్చే పరికరం) ఉంటే ఇది మరీ ముఖ్యం.

ఏ, బీ అనే పేర్లను నమ్ముకోవద్దు. ఒక తయారీదారు ఏ అన్నది ఇంకొకరికి బీ. ప్లస్, మైనస్ గుర్తులుంటే వాటిని చూడండి. అన్నీ సరిగా ఉండి కూడా మాట కలవకపోతే ముందు ఆ రెండు తీగలూ మార్చి చూడండి. దానివల్ల ఏదీ కాలదు.

ఎమర్జెన్సీ స్టాప్ విషయంలో మాత్రం రాజీ లేదు. దాన్ని కీప్యాడ్‌లో ఫంక్షన్ కీగా పెట్టకూడదు. పుట్టగొడుగు ఆకారపు ఎర్ర బటన్ కాంటాక్టరు కాయిల్ లైన్లో నేరుగా, వైరుతో ఉండాలి. కీప్యాడ్ ఎన్ని రకాలుగా ఆగిపోతుందో ముందు ముందు చూస్తారు.

పీఎల్‌సీతో మాట కలపడం

ప్యానెల్‌లోనూ పీఎల్‌సీలోనూ ఐదు విషయాలు అచ్చంగా ఒకేలా ఉండాలి: వేగం, డేటా బిట్లు, పారిటీ, స్టాప్ బిట్టు, స్టేషన్ సంఖ్య (పీఎల్‌సీని పిలిచే సంఖ్య). ఆరోది ప్రోటోకాల్, అంటే మోడ్‌బస్ అనే సంభాషణ పద్ధతిలో ఆస్కీ రకమా, ఆర్‌టీయూ రకమా అన్నది. మన దగ్గర విరివిగా కనిపించే డెల్టా డీవీపీ పీఎల్‌సీలు ఫ్యాక్టరీ నుంచి 9600, 7 బిట్లు, ఈవెన్, 1 స్టాప్, స్టేషన్ 1, ఆస్కీ పద్ధతిలో వస్తాయి. మోడ్‌బస్ ఆర్‌టీయూకు మాత్రం 8 డేటా బిట్లు కావాలి. 7 బిట్ల దగ్గరే వదిలేసి ప్యానెల్‌లో ఆర్‌టీయూ ఎంచుకుంటే ఎంతసేపు కూర్చున్నా ‘కమ్యూనికేషన్ ఎర్రర్’ తప్ప ఇంకేమీ రాదు.

తర్వాతి గొయ్యి అడ్రసు. వేరే కంపెనీ ప్యానెల్‌ను డెల్టా పీఎల్‌సీకి కలిపేటప్పుడు డీ100 రిజిస్టరును (పీఎల్‌సీ ఒక అంకెను దాచే గడి) మోడ్‌బస్ అంకెగా రాయాలి. డీ0 అడ్రసు 4096, కాబట్టి డీ100 అంటే 4196. కానీ కొన్ని ప్యానెల్స్ లెక్కను సున్నా నుంచి కాకుండా ఒకటి నుంచి మొదలుపెడతాయి. వాటిలో అదే డీ100ని 4197గా కొట్టాలి. ఈ ఒకటి తేడా వల్ల తెర మీద అంకె కనిపిస్తుంది గానీ అది పక్క రిజిస్టరుది. దీన్ని పట్టుకోవాలంటే డీ99లో 11, డీ100లో 22, డీ101లో 33 వేసి తెర చూడండి. 22 రావాలి.

పేజీలు, సందేశాలు

ప్యానెల్ సాఫ్ట్‌వేర్‌లో రెండు రకాల తెరలుంటాయి. మామూలు పేజీలను ఆపరేటరు బాణాలతో తిప్పుకుంటాడు. సందేశం మాత్రం బిట్టు ఆన్ కాగానే తనంతట తానే పైకి వస్తుంది. మామూలు పేజీలు మూడు చాలు: నడుస్తున్న వేడి, సమయం చూపే మొదటి పేజీ, సెట్టింగుల పేజీ, పాత అలారాల పేజీ.

మొదటి పేజీలో ఒక మూలన గుండె చప్పుడు పెట్టండి. పీఎల్‌సీలో ఒక బిట్టు సెకనుకోసారి ఆన్, ఆఫ్ అవుతుంటే, దాన్నిబట్టి తెర మూలన ఒక నక్షత్రం గుర్తు వెలిగి ఆరుతుంటుంది. అది కదలడం ఆగిందంటే తెర మీది అంకెలు పాతవని అర్థం. తీగ తెగినా కొన్ని ప్యానెల్స్ చివరిసారి చదివిన 68.0 డిగ్రీలనే హాయిగా చూపిస్తూ కూర్చుంటాయి. లోపల పప్పు మాడుతున్నా సరే.

ఒక్కో సందేశానికి నింపాల్సినవి ఇవి: ఏ బిట్టుతో లేవాలి, వరుసల్లో ఏముండాలి, మధ్యలో ఏ రిజిస్టరు అంకె చూపాలి, దశాంశం ఎక్కడ, అంగీకారం (‘చూశాను’ అనే కీ) నొక్కాలా వద్దా, ముఖ్యత ఎంత. ఈ చివరిదానిలో జాగ్రత్త. కొన్ని ప్యానెల్స్‌లో పెద్ద అంకెకు పెద్దపీట, కొన్నింట్లో చిన్న అంకెకు. ఒక యూనిట్‌లో రాసిన ఫైలును ఇంకో రకం ప్యానెల్‌కు చూసి రాసేటప్పుడు ఇది తారుమారై ‘బ్యాచ్ అయింది’ అనేది ‘ఓవర్‌లోడ్’ను కప్పేస్తుంది.

ఇరవై అక్షరాల్లో ఏం రాయాలి

అక్షరాల తెరల్లో తెలుగు రాదు. వాటిలో ఎక్కువ భాగం వాడే కంట్రోలర్ చిప్పు ఒక్కో అక్షరాన్ని 5 అడ్డం, 8 నిలువు చుక్కల్లో గీస్తుంది. మనం సొంతంగా గీసుకోగలిగేవి 8 గుర్తులు మాత్రమే. ఆ చుక్కల్లో ‘క’ ఏదోలా ఇరుకుతుంది గానీ ‘క్ష్మి’ ఎక్కడ పడుతుంది? బొమ్మలు చూపగల గ్రాఫిక్ తెర ఉంటే తెలుగు మాటను కంప్యూటర్‌లో బొమ్మగా చేసి ఎక్కించవచ్చు. వత్తులూ గుణింతాలూ చదవగలిగేలా రావాలంటే వరుసకు 24 చుక్కల ఎత్తయినా ఇవ్వండి. 64 చుక్కల ఎత్తున్న తెరలో అలా రెండు వరుసలు పడతాయి.

అక్షరాల తెరే ఉంటే తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టడమే మేలు. ఫోన్‌లో మెసేజీలు అలా చదివే అలవాటు అందరికీ ఉంది. ‘బ్లోయర్ ఆగింది’ ఇంగ్లీషు అక్షరాల్లో ఖాళీతో కలిపి 14 అవుతుంది. ‘స్టీమ్ కట్టండి’ 14, ‘రిలే చూడండి’ 15. అన్నీ ఇరవైలోపే. ఉద్దానం దాటితే ఒడిశా. షిఫ్టులో ఒడియా మాట్లాడేవాళ్లు కూడా ఉంటే మాత్రం అందరూ వాడే యంత్రం మాటలనే, ట్రిప్, హాట్, డోర్ లాంటివాటినే పట్టుకోండి.

నాలుగు వరుసలకు ఒక క్రమం పెట్టుకుని అన్ని సందేశాల్లోనూ దాన్నే పాటించండి. మొదటి వరుసలో ఏం జరిగింది, రెండో వరుసలో అంకె, చోటు లేదా దానివల్ల ఆగిందేమిటి, మూడో వరుసలో ఏం చేయాలి, నాలుగో వరుసలో ఏ కీ. ఓవర్‌లోడ్ సందేశం ఇలా ఉంటుంది (ప్యానెల్‌లో ఇంగ్లీషు అక్షరాలతో):

బ్లోయర్ ట్రిప్ ఎం1
స్టీమ్ ఆగింది
5 నిమి. ఆగి రిలే
ఎఫ్4 = చూశాను

మూడో వరుసలోని ఐదు నిమిషాలు ఊరికే పెట్టింది కాదు. థర్మల్ ఓవర్‌లోడ్ రిలే లోపలి పట్టీ చల్లారాకే రీసెట్ నిలుస్తుంది. ఆ అంకె తెర మీద ఉంటే వెంటవెంటనే నొక్కే చెయ్యి ఆగుతుంది.

డిగ్రీ గుర్తు, వంకర గీతలు వాడకండి. కంప్యూటర్‌లో కనిపించిన గుర్తు తెర మీద వేరేగా పడుతుంది. పైన చెప్పిన చిప్పు జపాన్ రకంలో వెనక్కి వాలిన గీత బదులు యెన్ గుర్తు, అలల గీత బదులు బాణం వస్తాయి. అంకె పక్కన ఒక ‘సి’ అక్షరం చాలు.

బిట్టును లేపే లాజిక్

బోర్మా 65 నుంచి 70 డిగ్రీల మధ్య నడుస్తుందనుకుందాం. వేడి అలారం 75 దగ్గర పెట్టాం. 75.0 దాటగానే ఆన్, తగ్గగానే ఆఫ్ అని రాస్తే వేడి 74.9కీ 75.1కీ మధ్య ఊగుతున్నంతసేపూ బజర్ కోడిపిల్లలా అరుస్తూనే ఉంటుంది. రెండు రోజులకు ఎవరో బజర్ తీగ పీకేస్తారు. కాబట్టి 75.0 చేరి 5 సెకన్లు నిలిస్తేనే బిట్టు ఆన్, 72.0 కిందికి దిగితేనే ఆఫ్ కావాలి. రిజిస్టరులో దశాంశం ఉండదు గనుక ఇవి 750, 720 అవుతాయి. వేడి అలారంతో పాటే స్టీమ్ వాల్వు తనంతట తాను మూసుకోవాలి. మనిషి వచ్చి చూసేదాకా ఆగితే తెల్లటి డబ్ల్యూ240, డబ్ల్యూ320 గ్రేడులు కావాల్సిన పప్పు రంగు తిరిగి మాడిన గ్రేడు కిందికి పోతుంది.

సెన్సర్ సందేశం వేడి సందేశం కంటే ముఖ్యం. చాలామంది వదిలేసేది ఇదే. పీటీ100 తీగ తెగితే, సెన్సర్‌ను చదివి పీఎల్‌సీకి అంకె ఇచ్చే మాడ్యూళ్లలో ఎక్కువ భాగం అంకెను పైకి తోసేస్తాయి. అప్పుడు వేడి ఎక్కువనుకుని వాల్వు మూసుకుంటుంది, నష్టం లేదు. కానీ తేమకు జంక్షన్ బాక్సులో షార్ట్ అయితే అంకె కిందికి పడిపోతుంది. పీఎల్‌సీ చలిగా ఉందనుకుని ఆవిరి వదులుతూనే ఉంటుంది. అందుకే అంకె 150 దాటినా, 5 కంటే తగ్గినా ‘సెన్సర్’ సందేశం, వాల్వు మూత. శ్రీకాకుళం వాతావరణంలో బోర్మా లోపల 5 డిగ్రీలు అనేది ఎప్పటికీ రాదు, కాబట్టి తప్పుడు అలారం భయం లేదు.

మూడో సందేశం, ఆన్ ఇచ్చినా బ్లోయర్ తిరగకపోవడం. ఓవర్‌లోడ్ రిలేలో 97-98 కాంటాక్టు నుంచి పీఎల్‌సీకి తీగ తెస్తే, రిలే పడ్డప్పుడు ఇన్‌పుట్ వెలుగుతుంది. కానీ ఆ తీగే తెగి ఉంటే రిలే పడినా పీఎల్‌సీకి తెలీదు. అందుకని కాంటాక్టరు సహాయ కాంటాక్టును ఇంకో ఇన్‌పుట్‌కు తెచ్చి, బ్లోయర్ ఔట్‌పుట్ ఆన్ అయి 2 సెకన్లయినా ఆ ఇన్‌పుట్ రాకపోతే మూడో సందేశం లేపండి. కాయిల్ కాలినా, ఓవర్‌లోడ్ రిలే మీదుగా కాయిల్‌కు వెళ్లే 95-96 లైన్ తెగినా ఇదే పట్టేస్తుంది. తలుపు స్విచ్‌ను కూడా మూసి ఉన్నప్పుడు ఇన్‌పుట్ ఆన్‌లో ఉండేలా కలపండి. తీగ తెగితే ‘తలుపు తెరిచి ఉంది’ అని వస్తుంది, కనీసం ఎవరైనా వెళ్లి చూస్తారు.

ఇక నొక్కిపెట్టడం. ఫేజ్ పోయిన బిట్టు ఆన్‌లో ఉంటే రెండు, మూడు సందేశాల బిట్లను ఆపాలి. రెండోది ఆన్‌లో ఉంటే మూడోదాన్ని ఆపాలి. కరెంటు తిరిగి వచ్చాక పది సెకన్ల పాటు సెన్సర్ సందేశం తప్ప మిగతావన్నీ ఆగాలి. లేకపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తెర నిండా సందేశాలు పడి, వాటిలో అసలుది ఏదో ఎవరికీ తెలీదు.

చివరిగా పట్టి ఉంచడం. ఓవర్‌లోడ్, సెన్సర్ సందేశాలు కారణం పోయినా అంగీకారం నొక్కేదాకా నిలవాలి. తలుపు సందేశం తలుపు మూయగానే పోవాలి. అన్నింటినీ పట్టి ఉంచితే ఎఫ్4 నొక్కడం ఒక వ్యసనం అయిపోతుంది, చదవడం మానేస్తారు.

అంకెలు కొట్టనిచ్చేటప్పుడు

సెట్ చేసే ప్రతి అంకెకు కింది హద్దు, పై హద్దు పెట్టండి. మన బోర్మా నడిపే వేడికి 500, 750 (అంటే 50.0 నుంచి 75.0 దాకా). దశాంశం కనిపించని తెరలో ‘70’ అని కొడితే రిజిస్టరులో 7.0 డిగ్రీలు పడుతుంది. ‘700’ అనుకుని ఇంకో సున్నా కొడితే 700.0. హద్దులుంటే రెండూ ప్యానెల్ దగ్గరే ఆగిపోతాయి.

పాస్‌వర్డు రెండు అంచెలు. ఒకటి సూపర్‌వైజరుకు వేడి, సమయం మార్చడానికి. రెండోది ఎలక్ట్రీషియన్‌కు మిగతావాటికి. ఫ్యాక్టరీ పాస్‌వర్డు వదిలేయకండి, అది ప్రతి మాన్యువల్లో అచ్చయి ఉంటుంది. కొత్తదాన్ని ప్యానెల్ తలుపు లోపల రాయడం కూడా అంతే.

ఈఈప్రామ్ (కరెంటు పోయినా అంకెలు నిలిపే మెమరీ చిప్పు) గురించి ఒక మాట. అంకె మారకపోయినా ప్రతి స్కానులో దాన్ని శాశ్వత మెమరీలోకి రాసే లాజిక్ పెట్టొద్దు. అలాంటి చాలా చిప్పులకు ఆయువు లక్ష రాతలు. సెకనుకోసారి రాస్తే దాదాపు 28 గంటల్లో ఆ లక్షా అయిపోతాయి. ఆపరేటరు ఎంటర్ నొక్కినప్పుడు మాత్రమే రాయాలి.

ఎక్కించడం, పరీక్షించడం

డౌన్‌లోడ్ కేబుల్ పెట్టాక కంప్యూటర్ డివైస్ మేనేజరులో పోర్టు సంఖ్య చూసి, సాఫ్ట్‌వేర్‌లో అదే పెట్టండి. యూఎస్‌బీని ఇంకో కన్నంలో పెడితే ఆ సంఖ్య మారిపోవచ్చు. బ్యాచ్ నడుస్తుండగా ఎక్కించకండి. ఎక్కించేటప్పుడు కరెంటు పోతే ప్యానెల్ ఖాళీ తెరతో నిలబడిపోవచ్చు. చాలా ప్యానెల్స్ నుంచి అసలు ఫైలును వెనక్కి తీసుకోలేం. అందుకే ప్రాజెక్టు ఫైలు రెండు చోట్ల దాచి, సందేశాల కాగితాన్ని ప్యానెల్ తలుపు లోపల ప్లాస్టిక్ కవరులో పెట్టండి.

పరీక్ష రెండు విడతలు. మొదట పీఎల్‌సీ సాఫ్ట్‌వేర్ నుంచి ఒక్కో బిట్టును బలవంతంగా ఆన్ చేసి తెర మీద సరైన సందేశం, సరైన అక్షరాలు వస్తున్నాయా చూడండి. రెండో విడతలో కంప్యూటర్ పక్కన పెట్టి నిజమైన కారణాన్నే సృష్టించాలి:

- స్టీమ్ మెయిన్ వాల్వు చేత్తో కట్టేసి, బ్లోయర్ నడుస్తుండగా ఓవర్‌లోడ్ రిలే మీద టెస్ట్ బటన్ నొక్కండి. కాంటాక్టరు పడాలి, సందేశం 2 రావాలి, 3 రాకూడదు. రిలే ఆటో రీసెట్‌లో కాకుండా చేతి రీసెట్‌లో ఉందో లేదో అప్పుడే చూడండి.
- పీటీ100 తీగ ఒకటి మాడ్యూల్ దగ్గర ఊడదీయండి. సందేశం 4 రావాలి, సోలినాయిడ్ మూసుకోవాలి. తర్వాత చిన్న తీగతో షార్ట్ చేసి మళ్లీ చూడండి.
- తలుపు తెరవండి.
- అలారం అంకెను తాత్కాలికంగా 40కి దించి వేడి సందేశం చూసి, తిరిగి 75కి పెట్టండి. పెట్టారని కాగితం మీద టిక్కు పెట్టండి. మర్చిపోయేది ఇదే.

ఓవర్‌లోడ్ పరీక్షలో 2తో పాటు 3 కూడా లేచిందంటే నొక్కిపెట్టే లాజిక్‌లో 2కు చోటివ్వలేదని అర్థం.

నడిపేవాళ్లకు చెప్పాల్సింది

బజర్ మోగితే ముందు చదవాలి, తర్వాత ఎఫ్4. ఎఫ్4 అంటే ‘చూశాను’ మాత్రమే, బజర్ ఆగుతుంది, తప్పు అలాగే ఉంటుంది. యంత్రాన్ని తిరిగి నడపడానికి రీసెట్ వేరు. ఈ రెంటినీ ఒకే కీలో కలపొద్దు. కలిపితే బజర్ ఆపాలని నొక్కిన చెయ్యే మోటారును కూడా లేపుతుంది. రీసెట్‌కు ఎఫ్1ను మూడు సెకన్లు పట్టి ఉంచేలా పెట్టండి. బ్లోయర్ దగ్గర ఎవరి చెయ్యి ఉందో చూసుకోవడానికి ఆ మూడు సెకన్లు పనికొస్తాయి.

ఒకేసారి రెండు సందేశాలుంటే కింది బాణంతో రెండోది వస్తుందని చేసి చూపించండి. షిఫ్టు మారేటప్పుడు పాత అలారాల పేజీ తెరిచి, ఏ సందేశం ఎన్నిసార్లు వచ్చిందో పుస్తకంలో రాయమనండి. వారంలో తలుపు సందేశం ముప్ఫై సార్లు వస్తే తలుపు గడియ వదులైందని అర్థం. సందేశాన్ని తీసేయమని అడుగుతారు, గడియ బిగించండి.

తేడా వస్తే ఎక్కడ వెతకాలి

తెర వెలుగుతోంది గానీ అక్షరాల చోట నల్ల గడులు కనిపిస్తే ముందు కాంట్రాస్ట్ చూడండి. ఈ తెరలకు మామూలుగా 50 డిగ్రీలే పై హద్దు. బోర్మా గోడకు ఆనించి బిగించిన ప్యానెల్ మే నెల మధ్యాహ్నం ఆ హద్దు సులువుగా దాటేస్తుంది. రాత్రికి చల్లబడితే అక్షరాలు తిరిగి వచ్చాయంటే ప్యానెల్‌ను అక్కడి నుంచి మార్చాలి.

‘కమ్యూనికేషన్ ఎర్రర్’ బ్లోయర్ ఆన్ అయినప్పుడే వస్తుంటే తీగ దారి, షీల్డు, చివరి రెసిస్టర్లు. ఎప్పుడూ వస్తుంటే సెట్టింగులు లేదా ప్లస్-మైనస్. రెండు పరికరాలున్నప్పుడే వస్తుంటే రెంటికీ ఒకే స్టేషన్ సంఖ్య ఉందేమో చూడండి.

వేడి అంకె నమ్మశక్యంగా లేకపోతే సెన్సర్‌ను మాడ్యూల్ నుంచి విడదీసి మల్టీమీటరుతో కొలవండి. మూడు తీగల పీటీ100లో రెండు ఎరుపుల మధ్య దాదాపు సున్నా, ఎరుపుకూ తెలుపుకూ మధ్య 30 డిగ్రీల దగ్గర సుమారు 111.7 ఓములు, 70 దగ్గర సుమారు 127.1 రావాలి. తీగ పొడుగును బట్టి కొంచెం పైకి ఉంటుంది. సెన్సర్ సరిగానే ఉంటే తప్పు మాడ్యూల్ సెట్టింగులోనో, తెర దశాంశంలోనో ఉంది.

బ్లోయర్‌కు డ్రైవ్ ఉంటే దాని సొంత కీప్యాడ్ మీద రెండక్షరాల కోడు పడుతుంది. దాని మాటలు మనం మార్చలేం. కానీ మోడ్‌బస్ ద్వారా తప్పు కోడు రిజిస్టరు చదివి, ఓవర్ కరెంట్, ఓవర్‌లోడ్, వోల్టేజీ తక్కువ అనే మూడింటికి మన ప్యానెల్‌లో మూడు సందేశాలు పెట్టొచ్చు. మిగతా కోడ్లన్నింటికీ ‘డ్రైవ్ కోడు చూడండి’ అని ఒక్కటి చాలు.

జీడి నూనె, దుమ్ము, తుఫాను

జీడి పిక్కల తొక్కలోని నూనె చేతికి అంటితే చర్మమే ఊడుతుంది. కీప్యాడ్ పైపొర దానికి లెక్కా? కటింగ్ దగ్గర నుంచి నేరుగా వచ్చిన చేతులతో నొక్కితే నెలల్లో కీ మీది ముద్ర చెరిగి, పొర ఉబ్బుతుంది. కీల మీద పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు అంటించి, పాడైనప్పుడల్లా మార్చడం చవకైన ఉపాయం. తుడవడానికి కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డ వాడండి. థిన్నరు, పెట్రోలు పొరను కరిగిస్తాయి. ముందువైపు ఐపీ65 (దుమ్ము, నీళ్లు ఆపే రక్షణ) అని రాసి ఉన్నా అది రబ్బరు గాస్కెట్ నాలుగు వైపులా సమంగా నలిగినప్పుడే. స్క్రూలు ఒక మూల బిగించి ఇంకో మూల వదిలేస్తే నీళ్లు అక్కడి నుంచే దిగుతాయి. జూటు మిల్లులో పీచు, రైసు మిల్లులో ఊక దుమ్ము కూడా అదే దారిన లోపలికి చేరతాయి.

గడియారం, పాత అలారాల జాబితా, సెట్టింగులు కొన్ని ప్యానెల్స్‌లో చిన్న 3 వోల్టుల బ్యాటరీ మీద నిలుస్తాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. బ్యాటరీ అడుగంటిన ప్యానెల్‌కు అలాంటి వారం వస్తే తేదీ, సెట్టింగులు రెండూ పోతాయి. అక్టోబరు రాకముందే, సెప్టెంబరులోనే బ్యాటరీ కొలవండి. 2.8 వోల్టులు కూడా లేకపోతే మార్చేయండి. మార్చేటప్పుడు ప్యానెల్‌కు కరెంటు ఉండాలా వద్దా అనేది ముందు మాన్యువల్లో చూడండి. తుఫాను హెచ్చరిక వస్తే బ్యాచ్ దించి, సెట్టింగుల పేజీని ఫోన్‌తో ఫొటో తీసి, ఆ తర్వాతే మెయిన్ స్విచ్ ఆపండి. కరెంటు తిరిగి వచ్చాక ఆవిరి వదిలే ముందు ఆ ఫొటోలోని అంకెలను తెర మీద అంకెలతో ఒక్కొక్కటిగా సరిపోల్చుకోండి.